మీ సందేశం చూశాం

ఆ ఇంట్లో వంటగది కుళాయి ఐదు నెలలుగా కారుతోంది. ఎప్పుడు అడిగినా ఇంటాయన "చూస్తాలే" అంటాడు. పదహారేళ్ల కూతురు తండ్రి అన్న ప్రతి "చూస్తాలే"కీ గోడమీద పెన్సిల్‌తో ఒక గీత గీస్తూ వచ్చింది. ఇప్పుడా గీతలు ఫ్రిజ్ వెనక్కి పాకాయి. "మీ నాన్న భాషలో చూడటమంటే చెయ్యకపోవడమే తల్లీ" అని ఇల్లాలు వెక్కిరించేది. మాట దగ్గర అంత చురుకైన మనిషి, సరిగ్గా ఆ మాట దగ్గరే బోర్లా పడింది.

ఆవిడ లైబ్రేరియన్. ఎవరు ఏం రాసినా చేతిలో ఎర్ర పెన్నుతో తయారయ్యేది కాబట్టి ఊళ్లో అందరూ ఆవిణ్ణి కామాగారు అనేవారు. ఒకసారి ఎవరో "పుస్తకం పోగొట్టుకున్నాను, క్షమించండి" అని చీటీ రాసిస్తే, క్షమించడానికి ముందు మధ్యలో ఉన్న కామాను చుక్కగా మార్చిందట. ఆ పేరు వెనకాల అంటారని ఆవిడకు తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోయేది కూడా.

ఆ ఊళ్లో ఏడు చిన్న సంస్థలు కలిసి ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి. కామాగారి లైబ్రరీ, ఆడవాళ్ల కుట్టు కేంద్రం, రోగుల్ని ఆసుపత్రికి తీసుకెళ్లే బండి సంఘం, రక్తదాతలు, ఒక బడి, ఇంకో రెండు. విడివిడిగా వెబ్‌సైట్ నడిపే ఓపిక ఎవరికీ లేదు కాబట్టి ఏడింటికీ కలిపి ఒకటే పెట్టుకున్నారు. దాన్ని చూసుకోవడానికి జీతగాడెవరూ లేడు. రెండు వారాలకొకరి వంతు. సోమవారం మధ్యాహ్నం పన్నెండింటికి ఆకుపచ్చ అట్ట ఉన్న వంతు పుస్తకం ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళుతుంది. తీసుకున్నవాళ్లు వెంటనే పాస్‌వర్డ్ మార్చుకుంటారు. ఆ క్షణం నుంచి పాతవాళ్లు బయటివాళ్లే.

సైటు తయారుచేసిన ఇంజినీరు వేరే ఉద్యోగానికి పోతూ పోతూ నాలుగు పేజీల సూచనలు రాసిపెట్టి వెళ్లాడు. అందులో మూడోది అందరికీ కంఠతా వచ్చు. సైటు ద్వారా జనం రాసే సందేశాలు ఒక పెట్టెలో పడతాయి. ఎవరూ తెరవనివి లావు అక్షరాల్లో కనిపిస్తాయి, ఒకసారి తెరిస్తే సన్నబడతాయి. లావుగా ఉన్నవాటిని తెరిచి, ఏ సంస్థకు సంబంధించినదైతే వాళ్లకు ఫోన్ చేసి చెప్పాలి. రెండేళ్లు గడిచేసరికి ఆ సూచన కాస్తా "లావువి మనవి, సన్నవి పాతవాళ్లవి" అని చట్టమై కూర్చుంది. సన్నబడిన సందేశం జోలికి వెళ్లడమంటే పక్కవాళ్ల పనిలో వేలు పెట్టినట్టే లెక్క.

ఇంకొక చిన్న సంగతి ఉంది. సైటులో ఎవరు ఏం రాసినా మరుక్షణం వాళ్లకు దానంతటదే ఒక జవాబు వెళుతుంది. "మీ సందేశం స్వీకరించబడింది" అని ఇంజినీరు పెట్టిన వాక్యం. మొన్నటి తన వంతులో కామాగారి కళ్లు దానిమీద పడ్డాయి. "బడింది ఏమిటండీ బడింది? ఎవరు స్వీకరించారు? మనిషి లేని వాక్యం! కష్టంలో ఉన్నవాళ్లకు ఇలాగేనా జవాబు చెప్పేది?" అని సమావేశంలో దులిపేసి, దాన్ని కొట్టేసి "మీ సందేశం చూశాం. మేమున్నాం" అని మార్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఎంత ఆత్మీయంగా ఉందో అన్నారు. ఆ రోజు ఆవిడ ఇంటికి వెళ్లి మొగుడికి రెండుసార్లు చెప్పింది.

ఆ గురువారం ఉదయం తొమ్మిదీ నలభైకి కామాగారు లైబ్రరీలో పేపర్లు నలగకుండా కర్రలకు తొడుగుతుంటే బండి బాబాయ్ లోపలికి వచ్చాడు. రోగుల బండి నడిపేది ఆయనే, ఆ సంఘానికి కార్యదర్శీ ఆయనే. బూట్లు విప్పలేదు, గొంతు తగ్గించలేదు. ఎప్పుడూ గుమ్మంలోనే నిశ్శబ్దమైపోయే మనిషి అలా వచ్చేసరికి చదువుకుంటున్నవాళ్లంతా తలలెత్తారు.

"మేడమ్‌గారూ, మన వాచీల మాస్టారు కనబడటం లేదు."

వాచీల మాస్టారంటే ఒంటరిగా ఉండే పెద్దాయన. కిడ్నీలు పనిచెయ్యవు. మంగళ, గురు, శనివారాల్లో బాబాయ్ బండిలో ఆసుపత్రికి వెళ్లి నాలుగు గంటలు మిషను పక్కన పడుకుని రక్తం శుభ్రం చేయించుకుని వస్తాడు. లైబ్రరీ గోడ గడియారం ఆగిపోతే ఊరికే బాగుచేసి పెట్టింది కూడా ఆయనే.

"మంగళవారం వెళ్తే తాళం వేసి ఉంది. చుట్టాలింటికి వెళ్లాడేమో, అక్కడి ఆసుపత్రిలో చేయించుకుంటాడేమో అనుకున్నాను. ఇవాళా తాళమే. పక్కింటివాళ్లను లేపి అడిగితే ఆదివారమే ఖాళీ చేశాడన్నారు. ఎక్కడికో తెలీదట. ఫోన్ చేస్తుంటే అందుబాటులో లేదంటోంది. ఆసుపత్రికి పోయి కనుక్కున్నాను. మంగళవారం రాలేదు, ఇవాళా రాలేదు." బాబాయ్ వేళ్లు మడిచి చూపించాడు. "శనివారం చేయించుకున్నదే ఆఖరు మేడమ్. ఐదు రోజులు. రెండు రోజులు దాటితేనే ఆయనకు ఒళ్లంతా నీరు పడుతుంది. ఐదు రోజులంటే ప్రాణం మీదికి వస్తుందని సిస్టరమ్మ నన్ను తిట్టిపోసింది."

"ఎవరికీ చెప్పకుండా ఎలా వెళ్లిపోతాడు?"

"అదే కదా! చెప్పకుండా పోయే మనిషి కాదు. సైట్లో ఏమైనా రాశాడేమో చూడండి."

"నా వంతు సోమవారంతోనే అయిపోయింది బాబాయ్. ఇప్పుడు కుట్టు కేంద్రం పిన్నిది" అంటూనే కామాగారి చేతిలో కర్ర ఆగిపోయింది.

సోమవారం. పన్నెండింటికి పది నిమిషాల ముందు. పుస్తకం అప్పగించే ముందు చివరిసారిగా పెట్టె తెరిస్తే ఒకే ఒక్క లావు సందేశం ఉంది. నొక్కింది. "నమస్కారం. నేను వాచీలు బాగుచేసేవాణ్ణి" అన్నంతవరకు చదివింది. ఈలోగా పేపరు మధ్య పేజీ కోసం ఇద్దరు పెద్దమనుషులు కాలర్లు పట్టుకునేదాకా వచ్చారు. లేచి వెళ్లి వాళ్లను విడదీసి, పేజీని రెండుగా కోసి చెరో కర్రకు తొడిగి వచ్చేసరికి బల్ల దగ్గర కుట్టు పిన్ని వంతు పుస్తకం కోసం నిలబడి ఉంది. పెట్టెలో అన్నీ సన్నగా, బుద్ధిగా ఉన్నాయి. కామాగారు పుస్తకంలో "అన్నీ చూశాను. మిగిలిందేమీ లేదు" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, చుక్క పెట్టి, సంతకం చేసి ఇచ్చేసింది.

కామాగారు చేతిలో కర్ర బల్లమీద పెట్టింది. నోరు తెరిచింది. కానీ బయటికి వచ్చింది వేరే మాట.

"పిన్ని దగ్గరికి వెళ్దాం పద."

లైబ్రరీ సహాయకురాలి చేతిలో తాళాలు పడేసి బండి ఎక్కింది. దారిలో పిన్నికి ఐదుసార్లు ఫోన్ చేసింది. మోగుతోందే గాని ఎత్తడం లేదు. ఎత్తదని తెలుసు. కుట్టు కేంద్రంలో గుడ్డ కోసే మిషను నడుస్తున్నంతసేపూ ఫోన్లన్నీ ఒక రేకు డబ్బాలో పెట్టి మూత వెయ్యాలి. ఒకప్పుడు ఫోన్ మోగితే ఉలిక్కిపడి ఒకామె వేలి కొస కోసుకుంది. అప్పటినుంచి పిన్ని ఆ డబ్బా విషయంలో ఎవరి మాటా వినదు.

సిగ్నల్ దగ్గర బండి ఆగింది. ఎర్ర లైటు కింద అంకెలు తొంభై నుంచి ఒక్కొక్కటే తగ్గుతున్నాయి. "ఐదు రోజులు" అని బాబాయ్ తనలో తాను మళ్లీ అనుకున్నాడు. వెనక ఖాళీ స్ట్రెచరు చిన్నగా గలగలమంటోంది. ఇప్పుడే చెప్పెయ్యాలి, ఇంతకంటే మంచి సమయం రాదు అనుకుంది కామాగారు. అంకెలు సున్నాకు వచ్చాయి. చెప్పలేదు.

కుట్టు కేంద్రంలో పొడుగాటి బల్లమీద నలభై పొరల నీలం గుడ్డ పరిచి ఉంది. పిన్ని సుద్దతో గీసిన గీత వెంట మిషను పోనిస్తోంది. అరవై దాటిన మనిషి, మెడలో టేపు, ముక్కుమీద కళ్లజోడు. సమాఖ్యలో పెద్దాచిన్నా అందరికీ పిన్నే. కంప్యూటరు నేర్చుకుని ఏడాదైంది. దానికి కుచ్చులు పెట్టి ఒక ముసుగు కూడా కుట్టింది. రోజూ ఆ ముసుగు తీసే ముందు చేతులు కడుక్కుంటుంది.

బాబాయ్ చెప్పింది విని గబగబా ముసుగు లాగేసింది. పాస్‌వర్డ్ దారపుండల డబ్బాలో మడిచిపెట్టిన కాగితంమీద ఉంది. ఆ కాగితం ఏ రంగు ఉండకింద ఉందో వెతికేసరికి కామాగారికి ముచ్చెమటలు పట్టాయి. ఒక్కో అక్షరం వేలితో పొడిచి పెట్టె తెరిచింది. లావుగా ఒక్కటీ లేదు.

"ఏమీ రాలేదు నాయనా. రోజూ రెండుపూటలా చూస్తున్నాను."

"సన్నవి చూడు పిన్నీ" అంది కామాగారు.

పైనుంచి మూడోది. పిన్ని నొక్కింది. బాబాయ్ వంగి పైకి చదివాడు.

"నమస్కారం. నేను వాచీలు బాగుచేసేవాణ్ణి. మంగళ, గురు, శనివారాల్లో మీ బండిలో ఆసుపత్రికి వెళ్తుంటాను. ఈ రోజు ఇల్లు మారాను. కొత్త ఇల్లు టైర్ల కొట్టు సందులో చివరి మేడ, మూడో అంతస్తు, మెట్ల పక్క గది. ఇక్కడ ఫోన్ అందదు. కింది వాటావాళ్ల ఇంటర్నెట్ మాత్రం వస్తుంది, అందుకే ఇలా రాస్తున్నాను. బండి తమ్ముడికి దయచేసి చెప్పండి. మీకు శ్రమ ఇస్తున్నందుకు మన్నించండి."

ఆ ఉత్తరంలో దిద్దడానికి ఒక్క తప్పు కూడా లేదు.

బాబాయ్ నెమ్మదైన మనిషే. కానీ అప్పుడు బల్ల అదిరేలా అరిచాడు. "ఇంత స్పష్టంగా రాశాడు కదా పిన్నీ! ఇల్లు, అంతస్తు, గది అన్నీ చెప్పాడు! ఒక్క ఫోన్ చేస్తే మంగళవారమే వెళ్లి తీసుకొచ్చేవాణ్ణి. రెండుపూటలా ఏం చూస్తున్నావు నువ్వు?"

పిన్ని మొహం పాలిపోయింది. "సన్నగా ఉంది నాయనా. లావుగా ఉంటే చెప్పకపోదునా?" వంతు పుస్తకం తెరిచింది. "ఇదిగో, అన్నీ చూశాను, మిగిలిందేమీ లేదని ఈ అమ్మాయి రాసింది. అంటే ఇది ఆ తర్వాతే వచ్చి ఉంటుంది. నేనే తెరిచి... నేనే మరిచిపోయానేమో. ఈమధ్య నాకు ఏదీ గుర్తుండటం లేదు. అయ్యో, ఎంత పని చేశాను!"

సందేశం పైన ఆదివారం సాయంత్రం ఐదూ నలభై అని ఉంది. పిన్ని కంటికి ఆనేంత పెద్ద అక్షరాలు కావవి. బాబాయ్ అప్పటికే తలుపు దగ్గరున్నాడు. చూసింది కామాగారు ఒక్కతే. ఊరందరి తప్పులూ దిద్దే మనిషి, ఆ ఒక్క తప్పునూ దిద్దలేకపోయింది. ముందు ఆయన్ని చేరుకుందాం, చెప్పేదేదో తర్వాత చెప్పవచ్చు అని తనకు తాను సర్దిచెప్పుకుంది. అందులో సగమే నిజమని ఆ సంగతీ ఆవిడకు తెలుసు.

పిన్ని కూడా బండెక్కింది. మెడలో టేపు అలాగే ఉంది. దారిపొడుగునా "దేవుడా, ఆయనకేమీ కాకూడదు" అంటూనే ఉంది.

టైర్ల కొట్టు సందులోకి బండి దూరలేదు. దిగి పరుగెత్తారు. సందు మధ్యలో రెండుగా చీలింది, రెండు వైపులా చివర మేడలే ఉన్నాయి. ఎడమవైపు మేడ మూడో అంతస్తు ఎక్కితే అక్కడ నీళ్ల ట్యాంకు తప్ప గదే లేదు. మళ్లీ దిగారు. కామాగారి చెప్పు తెగింది, రెండూ విడిచేసింది. కుడివైపు మేడమెట్లు నిటారుగా, ఇరుకుగా ఉన్నాయి. రెండో అంతస్తు వాటా తలుపుకు తాళం ఉంది. పైన ఏ అలికిడీ లేదు.

మెట్ల పక్క గది తలుపు దగ్గరగా వేసి ఉంది. బాబాయ్ తోశాడు.

వాచీల మాస్టారు తలుపుకు ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా. ఒళ్లో ఆసుపత్రికి తెచ్చుకునే గుడ్డసంచి. కాళ్లకు బూట్లున్నాయి గాని పాదాలు ఉబ్బిపోయి లేసులు కట్టే వీలు లేక విప్పి వదిలేసి ఉన్నాయి. మొహం పొంగి కళ్లు చిన్నవైపోయాయి. ఊపిరి పైపైనే ఆడుతోంది. గది నిండా విప్పని పెట్టెలు, గోడకు మాత్రం ఒక గడియారం తగిలించి ఉంది. సరైన టైమే చూపిస్తోంది.

ఆయన కళ్లు నెమ్మదిగా పైకెత్తాడు.

"వచ్చారా తమ్ముడూ. ఏదో అడ్డం వచ్చుంటుంది అనుకున్నాను."

"అన్నా, ఎవరినైనా సాయం అడగొచ్చు కదా! కిందివాళ్లు..."

"కింది వాటా అమ్మాయి మంగళవారం కారులో దింపుతానంది. వద్దమ్మా, వాళ్లు చూశారు, వచ్చేస్తారు అని పంపించేశాను." మధ్యలో ఊపిరి కోసం ఆగాడు. "నిన్న వాళ్లు ఊరెళ్లారు. నేను మెట్లు దిగలేకపోయాను."

"ఇంకోసారి రాసి ఉంటే..."

"చూశామన్నాక మళ్లీ రాస్తే నమ్మనట్టు ఉంటుంది కదా" అన్నాడు మాస్టారు. ఒళ్లో సంచిమీద ఉన్న ఫోన్ తిప్పి, రుజువు చూపిస్తున్నట్టు వాళ్లకేసి పట్టుకున్నాడు.

తెరమీద కామాగారి వాక్యం ఉంది. "మీ సందేశం చూశాం. మేమున్నాం." ఆదివారం సాయంత్రం ఐదూ నలభై. అప్పటికి ఆ సందేశాన్ని లోకంలో ఒక్క మనిషి కూడా చూడలేదు. ఆ సమయానికి కామాగారు ఇంట్లో ఉల్లిపాయలు తరుగుతూ కుళాయి గురించి మొగుణ్ణి సాధిస్తోంది.

మనిషి లేని వాక్యం అని వెక్కిరించి అందులోకి తను తెచ్చిపెట్టిన మనిషి ఎవరు? ఎవరూ లేరు. ఆ లేని మనిషి కోసం ఈయన బూట్లు తొడుక్కుని మూడు రోజులుగా తలుపుకు ఎదురుగా కూర్చున్నాడు.

ఏడవడానికి టైము లేదు. కుర్చీతో సహా ఎత్తి మెట్లు దించారు. ముందు బాబాయ్, వెనక కామాగారు, పక్కన జారిపోకుండా పట్టుకుంటూ పిన్ని. కుర్చీ ఒరిగిపోతుంటే పిన్ని మెడలోని టేపు తీసి ఆయన్ని కుర్చీకి కట్టింది. మలుపు మలుపుకూ ఆగి ఆయన ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసుకున్నారు. రెండో మలుపు దగ్గర ఆయన తల ఒక పక్కకు వాలిపోయింది. "అన్నా!" అని బాబాయ్ కేకేశాడు. "ఊఁ" అన్నాడు మాస్టారు. ఆ "ఊఁ" వినేలోగా ముగ్గురికీ పైప్రాణాలు పైనే పోయాయి.

ఆసుపత్రిలో సిస్టరమ్మ ఒక్క చూపు చూసి వరుసలో ఉన్నవాళ్లందర్నీ ఆపేసింది. గుండె కొట్టుకునే లయ తప్పుతోందట. రక్తంలో ఉప్పులు పేరుకుపోయాయట. ఇంకొక్క పూట ఆగి ఉంటే చేసేదేమీ ఉండేది కాదని, ఇప్పుడు కూడా గంట గడిస్తేగాని చెప్పలేనని డాక్టరమ్మ అంది. ఆ తర్వాత తలుపు మూసుకుంది.

వరండాలో ఆకుపచ్చ రంగు బల్ల ఒకటే ఉంది. బాబాయ్ కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరుగుతున్నాడు. పిన్ని గోడకు ఆనుకుని కూర్చుని, ఉన్నట్టుండి అంది.

"ఇక నాకు వంతు వద్దు నాయనా. పుస్తకం వేరే ఎవరికైనా ఇచ్చెయ్యండి. ఆ కంప్యూటరు ముట్టుకునే తెలివి నాకెక్కడిది? ఒక మనిషి ప్రాణం తీయబోయాను."

కామాగారు పిన్ని ఎదురుగా నేలమీద కూర్చుంది. చెప్పుల్లేని కాళ్లకు మెట్లమీది మట్టి అంటుకుని ఉంది.

"పిన్నీ, అది నువ్వు తెరవలేదు. నేను తెరిచాను. సోమవారం పొద్దున. ఒక్క వాక్యం చదివి లేచిపోయాను. అందుకే నీకు సన్నగా కనిపించింది. అయినా అన్నీ చూశానని రాసి సంతకం పెట్టాను. నువ్వు నన్ను నమ్మావు, అంతే. ఇందాక బాబాయ్ నిన్ను అరుస్తున్నప్పుడు కూడా నాకు తెలుసు. తెలిసి నోరు మూసుకున్నాను."

బాబాయ్ నడక ఆగిపోయింది. పిన్ని చాలాసేపు ఆవిడ మొహంకేసి చూసింది. తిడుతుందేమో, కొడుతుందేమో, ఏం చేసినా బాగుండు అనుకుంది కామాగారు.

"మాయదారి దానా" అంది పిన్ని చివరికి, కళ్లు తుడుచుకుంటూ. "నాకు మతి పోయిందని పొద్దుటి నుంచి నేనెంత హడలిపోయానో తెలుసా? మా అమ్మకు అలాగే మొదలైంది."

కామాగారికి ఏడుపు అప్పుడొచ్చింది. వరండాలో జనం చూస్తున్నా ఆగలేదు.

కాసేపటికి మొహం కడుక్కుని వచ్చి, ఏడు సంస్థలవాళ్లూ ఉన్న వాట్సాప్ గ్రూపులో జరిగిందంతా రాసింది. సందేశం తెరిచి వదిలేసింది తనేనని, పిన్ని తప్పేమీ లేదని, మాస్టారు లోపల మిషనుమీద ఉన్నాడని, ఇంకా ఏ సంగతీ తెలియలేదని, ఆ జవాబు వాక్యం వెంటనే మార్చాలని, ఆయనకు తోడుగా రెండు రోజులు ఎవరైనా ఉండాలని. పంపి ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

జవాబులు రాసాగాయి. రక్తదాతల కార్యదర్శి "చూశాను" అని రాశాడు. బడి హెడ్‌మాస్టరు "చూశాను" అన్నాడు. ఇంకొకరు "చూశాం", ఆ కింద చేతులు జోడించిన బొమ్మ. నాలుగు సంస్థలు, నాలుగు చూపులు. తోడుగా ఎవరొస్తారో ఒక్కరూ చెప్పలేదు. అవి చదివి బాబాయ్ నవ్వలేక నవ్వాడు.

"మనందరికీ కళ్లు మాత్రం బాగున్నాయి మేడమ్‌గారూ."

కామాగారు ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. "చూశారు సరే, ఏం చేస్తారో చెప్పండి" అని అడిగింది. నీళ్లు నమిలినవాళ్లను వదల్లేదు. మూడో ఫోన్‌కి హెడ్‌మాస్టరు శుక్రవారం ఉంటానన్నాడు. నాలుగో ఫోన్‌కి శనివారం కుదిరింది. ఆ రోజు రాత్రికి బాబాయ్ తనే ఉంటానన్నాడు.

తర్వాత పిన్ని కొంగున ముడేసుకొచ్చిన పాస్‌వర్డ్ కాగితం తీసుకుని, ఫోన్‌లోనే సైటు తెరిచి ఆ వాక్యం ముందు కూర్చుంది. "చూశాం. మేమున్నాం" కొట్టేసింది. "అందింది" అని రాసింది. ఎవరికి అందింది? కొట్టేసింది. "త్వరలో చూస్తాం" అని రాసింది. ఫ్రిజ్ వెనక్కి పాకిన పెన్సిలు గీతలు గుర్తొచ్చాయి, అదీ కొట్టేసింది. ఇరవై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల వాక్యాలు దిద్దిన మనిషికి అబద్ధం కాని వాక్యం ఒక్కటి రాయడానికి ముప్పావు గంట పట్టింది.

లోపలి తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ బయటికొచ్చి, గండం గడిచిందని, మిషను ఇంకా రెండు గంటలు నడవాలని, ఒక్కొక్కరుగా వెళ్లి చూడొచ్చని చెప్పింది. బాబాయ్ అక్కడే బల్లమీద కూలబడిపోయాడు.

కామాగారు లోపలికి వెళ్లింది. మిషను చక్రం నెమ్మదిగా తిరుగుతోంది, గొట్టాల్లో రక్తం పోతూ వస్తూ ఉంది. మాస్టారి మొహంలో వాపు అలాగే ఉన్నా కళ్లలో కాస్త తేటదనం వచ్చింది. ఆవిడ మంచం పక్కన నిలబడి దాచకుండా అంతా చెప్పింది. మీరు రాసింది నేను తెరిచాను, చదవలేదు. మీకొచ్చిన జవాబు మనిషి పంపింది కాదు. ఆ మాటలు రాసింది నేనే. క్షమించమని అడిగే మొహం కూడా నాకు లేదు.

మాస్టారు పైకప్పుకేసి చూశాడు.

"మనిషి కాదా" అన్నాడు. "మేమున్నాం అని ఉంటే... ఎవరో అమ్మాయి రాసిందనుకున్నాను. మూడు రోజులూ భయం వేసినప్పుడల్లా అదే తీసి చదువుకున్నాను."

ఆవిడ ఫోన్ తీసి, కొత్తగా రాసింది ఆయన కళ్లముందు పెట్టింది.

"ఇది మిషను పంపుతున్న జవాబు. మీరు రాసింది ఇంకా ఏ మనిషీ చూడలేదు. చూసినవాళ్లు తమ పేరు చెప్పి మీతో మాట్లాడేవరకు, ఎవరో వస్తారని ఆగకండి. పక్కనున్నవాళ్లు సాయం చేస్తామంటే వద్దనకండి." ఆ కింద ఆవిడ సొంత ఫోన్ నంబరు ఉంది.

మాస్టారు వాచీలోని పళ్లచక్రం చూసేటప్పటిలా ఒక కన్ను చికిలించి నెమ్మదిగా చదివాడు. ఒకసారి చదివి మళ్లీ మొదటికి వెళ్లాడు.

"అంత బాగాలేదు" అన్నాడు. "చదివితే ధైర్యం రాదు."

"రాదండీ."

"అయినా ఇదే ఉంచండి." ఆయన కళ్లు మూసుకున్నాడు. "ఇదే వచ్చి ఉంటే మంగళవారం ఆ అమ్మాయి కారెక్కేవాణ్ణి."